ఏడో నంబరు పని ఏది?

(కొత్తగా చేరిన వృత్తి విద్య బోధకుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మైకు పక్కన పెడుతున్నాను. ముప్పై ఏళ్లు లేత్ యంత్రాల హోరులో పాఠం చెప్పినవాడి గొంతు చివరి వరస దాకా చేరుతుంది. చేరకపోతే చెయ్యెత్తండి.

విద్యార్థులకు ఇచ్చే పనులకు నంబరూ పేరూ ఎలా పెట్టాలన్నదే ఈ రోజు నా మాట. ముందు ఒక సంగతి చెబుతాను. అందులో తప్పు పూర్తిగా నాదే. ఉద్యోగంలో చేరిన రెండో సంవత్సరం, ఫిట్టింగ్ తరగతి. 28 మందికి ఒకే పని ఇచ్చాను. ఉక్కు పలకను ఆకురాయితో రాపాడి 50 మిల్లీమీటర్ల చదరానికి తేవాలి, అంచులు నాలుగూ లంబంగా రావాలి. ఎవరి పలక మీద వారు మార్కర్ పెన్నుతో పేరు రాసుకోమన్నాను. బుద్ధిగా రాసుకున్నారు. ఆ తరువాత వారం రోజులు, ఆ పేరు రాసిన ముఖం మీదే ఆకురాయి ఆడించారు. తుప్పు పట్టకుండా నూనె పూశారు. గుడ్డతో తుడిచారు. దిద్దే రోజున నా బల్ల మీద 28 పలకలు మెరుస్తూ కూర్చున్నాయి, ఒక్కదాని మీదా పేరు లేదు.

సరే, కొలవడం మొదలుపెట్టాను. మూలమట్టం ఆనిస్తే సందులోంచి వెలుగు చొరబడని పలక ఒకటి దొరికింది. ‘ఎవరిది ఇది?’ అన్నాను. ఐదు చేతులు లేచాయి. ఒక మూల దిగిపోయి, బల్ల మీద పెడితే ఊయలలా ఊగే పలక ఇంకొకటి దొరికింది. అది ఎవరిదని అడిగితే తరగతంతా కిటికీ వైపు చూసింది. చివరికి అందరికీ ఒకే మార్కు వేశాను. ఆ మంచి పలక చేసిన కుర్రవాడు ఎవరో ఇప్పటికీ నాకు తెలియదు. వాడికి మాత్రం తెలుసు. ఆ తరువాత పనిలో ఎవరి చెయ్యి మందగించిందో చూసి పట్టుకోవచ్చేమో అనుకున్నాను. అందరి చేతులూ మందగించాయి.

భాష చెప్పేవారికీ లెక్కలు చెప్పేవారికీ ఈ బాధ లేదు. వారి అసైన్‌మెంటు కాగితం. పైన పేరు రాస్తే అక్కడే ఉంటుంది. మన పని రుద్దుతారు, కాలుస్తారు, ఉతుకుతారు, నూనెలో ముంచుతారు. మన దగ్గర పేరు నిలవాలంటే ఆ పని మీద ఏమేమి జరుగుతుందో ముందే ఊహించి, అది తాకని చోట గుర్తు వేయాలి.

మరుసటి సంవత్సరం, విద్యార్థి నంబరు వేయించడానికి నంబరు పంచులు తీసుకున్నాను. సుత్తితో కొడితే లోహం మీద అంకె అచ్చుపడే పనిముట్లు అవి. మూడు మిల్లీమీటర్ల అంకెలవి. అందులోనూ పొరపాటు చేశాను, వినండి. పంచుతో కొడితే లోహం లోపలికి పోయి ఊరుకోదు. అంకె చుట్టూ కంటికి కనిపించనంత సన్నని గట్టు లేస్తుంది. కొలతకు ఆధారంగా తీసుకునే ముఖం మీద నంబరు కొట్టించాను. సర్ఫేస్ ప్లేటు, అంటే కొలతలకు వాడే చదునైన బల్ల, దాని మీద పెడితే ఆ గట్టు మీద పలక నిలబడుతోంది, కొలత తేడా చూపిస్తోంది. పాపం, విద్యార్థులు చక్కగా చేసినదాన్ని నేను కొట్టించిన నంబరే చెడగొట్టింది. అప్పటి నుంచి నియమం ఇది. మొదటి ఆకురాయి దెబ్బ పడకముందే, కొలవని ముఖం మీద, మూలకు దగ్గరగా నంబరు పడాలి. అదీ విద్యార్థే కొట్టుకోవాలి. మొదటి పంచు దెబ్బ ఎలాగూ వంకరగా పడుతుంది. పడనివ్వండి, చేతిరాతలాగా అది కూడా ఒక గుర్తే.

వెల్డింగ్ చెప్పేవారికి సుద్దముక్క అలవాటు. ఆ వేడికి సుద్ద నిలవదు. పైగా అక్కడ ఇంకో చిక్కుంది. రెండు ముక్కలు అతికాక ఒకటవుతాయి. అందుకని అతకకముందే రెండింటి మీదా, అతుకుకు దూరంగా నంబరు పడాలి. బాయిలర్లు, పీడన పాత్రలు తయారుచేసే చోట ప్రతి వెల్డర్‌కూ తనదైన గుర్తు కేటాయిస్తారు. ఏ అతుకు ఎవరిదో ఆ గుర్తును బట్టి తెలుస్తుంది. రేపు మన విద్యార్థి అలాంటి చోటికి వెళితే గుర్తు వేసుకోవడం కొత్తగా అనిపించకూడదు. కుట్టుపని చెప్పేవారు సిరా నమ్ముకోవద్దు. సన్నని పట్టీ మీద నంబరు కుట్టించి లోపలి కుట్టులో కలిపేయండి. ఇస్త్రీ చేసినా ఉతికినా ఉంటుంది.

ఎలక్ట్రికల్ వారిని చూస్తే మాత్రం నాకు కొంచెం అసూయ. వారి వృత్తిలోనే ఈ పాఠం ఉంది. ఏదైనా కంట్రోల్ ప్యానెల్ తలుపు తీసి చూడండి. ప్రతి తీగ కొసకూ చిన్న గొట్టంలాంటి తొడుగు ఉంటుంది, ఫెరూల్ అంటారు. దాని మీద నంబరు. ఈ కొసకు 14 అని ఉంటే, గుంపులో కలిసిపోయి ఎక్కడో తేలిన అవతలి కొసకు కూడా 14 అనే ఉంటుంది. రెండు కొసలకూ ఒకే నంబరు. అర్ధరాత్రి యంత్రం ఆగిపోతే, ఆ ప్యానెల్ ఎన్నడూ చూడని మనిషి వచ్చి టార్చి లైటు వేసి తీగ జాడ పట్టుకోగలిగేది అందుకే.

మన అసైన్‌మెంటుకు రెండు కాదు, నాలుగు కొసలున్నాయి. విద్యార్థి చేతిలో సూచనల కాగితం. బల్ల మీద వాడు చేసిన వస్తువు. నా మార్కుల రిజిస్టరు. కంప్యూటర్‌లో ఫైలు. నా సంగతి చెబుతాను. రిజిస్టరులో ‘ఆకురాయి పని’ అని ఉండేది. కాగితం మీద ‘అభ్యాసం 4’ అని ఉండేది. కంప్యూటర్‌లో ‘కొత్త షీటు’. వస్తువు మీద విద్యార్థి నంబరు తప్ప ఏమీ లేదు. నాలుగూ ఒకటేనని నా బుర్రకు మాత్రమే తెలుసు. నేను జ్వరంతో పడుకుంటే ఆ తరగతి తీసుకున్నవారికి ఎలా తెలుస్తుంది?

ఇప్పుడు అసలు కథకు వస్తాను. ఏడో నంబరు కథ.

ఒక సంవత్సరం మధ్యలో ఒక విద్యార్థి హాక్సాతో, అంటే ఇనుము కోసే రంపంతో, వేలు కోసుకున్నాడు. పెద్ద దెబ్బేమీ కాదు, కానీ నాకు గుండె ఆగినంత పనైంది. వెంటనే మూడో పనికీ నాలుగో పనికీ మధ్య కొత్త పని చేర్చాను. వైసులో ముక్క బిగించడం, నిలబడే తీరు, బ్లేడు పళ్లు ఎటు చూడాలన్నది. పని మంచిదే. కానీ దానికి నాలుగో నంబరు ఇచ్చి, పాత నాలుగును ఐదు చేసి, ఐదును ఆరు చేసి, అలా చివరిదాకా జరుపుకుంటూ పోయాను. పాత ఆరు, అంటే లోహం మీద కొలతల గీతలు గీసే మార్కింగ్ పని, ఏడైంది. పాత ఏడు, అంటే డ్రిల్లింగ్, ఎనిమిదైంది.

రెండు వారాలు సెలవులో ఉన్న కుర్రవాడు వచ్చాడు. వాడి దగ్గర పాత కాగితం ఉంది. ఏడో పని బాకీ ఉన్నావు అన్నాను. వాడు శ్రద్ధగా డ్రిల్లింగ్ చేసి తెచ్చాడు. నేను రిజిస్టరులో ఏడో గడిలో, అంటే మార్కింగ్ గడిలో, మార్కు వేశాను. ఆ తరువాత ఎనిమిదో పని ఇస్తే, ‘సార్, ఇది నేను చేశాను కదా’ అన్నాడు. చేయలేదు అన్నాను. చేశానన్నాడు. ఇద్దరమూ నిజమే చెబుతున్నాం! పక్క తరగతి బోధకుడు నా కాగితాల పాత ప్రతి వాడుతున్నాడు. సంవత్సరం చివర రెండు తరగతుల మార్కులు కలిపి చూస్తే ఏడో నిలువు వరసలో ఒకరికి మార్కింగ్, ఇంకొకరికి డ్రిల్లింగ్. విడదీయడానికి మూడు సాయంత్రాలు పట్టింది.

ఆ మూడు సాయంత్రాల్లో నాకు అర్థమైంది ఏమిటంటే, నేను ఒకే అంకెతో రెండు పనులు చేయిస్తున్నాను. ఒకటి పేరు. రెండోది వరస. ఏది ముందు, ఏది వెనక అన్నది ప్రతి సంవత్సరం మారుతుంది. యంత్రం చెడిపోతే మారుతుంది, తరగతి మందకొడిగా ఉంటే మారుతుంది. పేరు అలా మారడానికి వీల్లేదు. ఇంట్లో రెండో పిల్లవాడు పుట్టాడని మొదటివాడి పేరు మార్చం కదా.

దీనికి మందు పరిశ్రమలోనే ఉంది, నేను కనిపెట్టిందేమీ కాదు. కర్మాగారాల్లో ప్రాసెస్ షీటు, అంటే ఒక వస్తువు తయారీలో చేయాల్సిన పనులు వరసగా రాసిన కాగితం, చూసినవారు చెప్పండి, ఆపరేషన్లకు 1, 2, 3 అని ఉంటుందా? చాలాచోట్ల 10, 20, 30 అని ఉంటుంది. మధ్యలో ఒక పని చేర్చాల్సి వస్తే 25 అని పెడతారు, మిగతావి కదలవు. 1964లో వచ్చిన బేసిక్ కంప్యూటర్ భాషలో కూడా వరసల నంబర్లను పదులతో వేసేవారు, ఇదే కారణం. మీరు కూడా పదులతో మొదలుపెట్టండి. హాక్సా పని 35 అయి ఉంటే నాకు ఆ మూడు సాయంత్రాలు మిగిలేవి. ఇంకొక్క మాట. ఏదైనా పని తీసేస్తే దాని నంబరును మరో పనికి ఇవ్వకండి. ఖాళీగా వదిలేయండి. ‘60 ఎక్కడ సార్?’ అని అడుగుతారు. రద్దయింది అని చెప్పండి, అంతే.

నంబరు పక్కన మాటల్లో పేరు కూడా ఉండాలి. ‘ఆరో వారం పని’ అని పెట్టేవారున్నారు. సెలవులు వచ్చి ఆ పని ఎనిమిదో వారంలో జరుగుతుంది, పేరు మాత్రం అబద్ధమాడుతూ ఉంటుంది. ‘ప్రాక్టికల్ అసైన్‌మెంటు’ అంటే అన్నీ అవే కదా. ఏం చేయాలో, దేనిమీద చేయాలో చెప్పేదే పేరు. ‘ఎం10 మర కోయడం’ అన్నాననుకోండి. కాస్త తెలివైన విద్యార్థికి పేరు చదవగానే లెక్క మెదులుతుంది. ఎం10 అంటే పది మిల్లీమీటర్ల మర, దాని సాధారణ పిచ్, అంటే ఒక చుట్టుకూ ఇంకో చుట్టుకూ మధ్య దూరం, 1.5, పదిలోంచి తీసేస్తే 8.5, ఆ డ్రిల్లు తీసుకోవాలి అని. కాగితం తెరవకముందే పని మొదలైనట్టే.

ఇక అక్షరాలు. ఇక్కడ నేను నవ్వులపాలైన సంగతి దాచను. చేతిపనికి ప్రాక్టికల్‌లో ‘ప’ తీసుకున్నాను. రాతపనికి గ్రాంథికంగా ఉండాలని వ్రాతపనిలో ‘వ’ తీసుకున్నాను. 40-ప, 40-వ. మా విద్యార్థుల చేతిరాత మీకు తెలియనిది కాదు. ఆ ‘ప’కూ ఈ ‘వ’కూ తేడా తలకట్టు దగ్గర చిన్న కలయిక. నూనె చేతులతో రాస్తే అది ఏమవుతుందో ఆ దేవుడికే తెలియాలి. నెల తిరగకుండా మార్చుకున్నాను. ఇప్పుడు ‘చే’, ‘రా’. చేతిపని, రాతపని. ఎంత వంకరగా రాసినా ఒకదాన్ని ఇంకొకటిగా చదవలేం. ‘మ’, ‘య’ కూడా ఇలాంటి జంటే, జాగ్రత్త.

ఇంగ్లీషు అక్షరాలు వాడేవారికీ ఈ బెడద ఉంది. వాహనాల గుర్తింపు నంబరులో 17 స్థానాలుంటాయి. ఆటోమొబైల్ వారికి కొట్టిన పిండి. వాటిలో ఐ, ఓ, క్యూ అనే మూడు అక్షరాలు ఎక్కడా రావు, ఒకటితోనూ సున్నాతోనూ కలిసిపోతాయని. డ్రాయింగుల సవరణలకు అక్షరాలు వేసే అమెరికన్ ప్రమాణం ఇంకా జాగ్రత్తపడి ఎస్, ఎక్స్, జెడ్‌లను కూడా వదిలేసింది. పెద్ద పెద్ద డ్రాయింగ్ ఆఫీసుల వారికే ఇంత భయం ఉంటే, మనం ధీమాగా ఉండటం దేనికి?

కాగితం మీద ఈ పేరు ఎక్కడ ఉండాలి? చాలామంది పై ఎడమ మూలన రాయిస్తారు, సరిగ్గా స్టేప్లర్ పిన్ను దిగే చోట. డ్రాయింగ్ షీటులో దాని పేరూ నంబరూ రాసే గడి, టైటిల్ బ్లాకు, కింద కుడి మూలన ఉంటుంది. ఎందుకో డ్రాయింగ్ మడిచినవారికి తెలుసు. ఏ1 షీటును పద్ధతిగా ఏ4 సైజుకు మడిస్తే ఆ బ్లాకు పైకి వచ్చి కూర్చుంటుంది. మడత విప్పకుండానే ఏ డ్రాయింగో చదవవచ్చు. మన కాగితాలు కట్టగా పెట్టినప్పుడు ఏ అంచు కనిపిస్తుందో చూసుకుని అక్కడ రాయించండి.

కంప్యూటర్ సంగతి త్వరగా ముగిస్తాను, అందులో మీరు నాకంటే ఘనులు. తేదీ రాసేటప్పుడు సంవత్సరం ముందు, తరువాత నెల, తరువాత రోజు. 1988లో వచ్చిన ఐఎస్‌ఓ 8601 ప్రమాణం చెప్పేది అదే. 2024-07-15 అని రాస్తే ఫైళ్లు వాటంతట అవే కాలక్రమంలో నిలబడతాయి. 15-07 అని మొదలుపెడితే జులై పక్కన జనవరి వచ్చి కూర్చుంటుంది. ఏటవాలు గీత పెట్టి తేదీ రాస్తే విండోస్ అసలు ఒప్పుకోదు. ఫైలు పేరులో అది నిషిద్ధం. నంబరు ముందు సున్నా పెట్టండి, 010, 020 అని. లేకపోతే కొన్ని చోట్ల 100 వచ్చి 20 కంటే ముందు నిలబడుతుంది. ఒక తమాషా చెప్పనా? మా ఎలక్ట్రికల్ మిత్రుడు ఆగ్జిలరీ కాంటాక్టుల మీద ఫోల్డరు పెడుతూ కురచగా ఆక్స్ అని మూడు ఇంగ్లీషు అక్షరాలు కొట్టాడు. విండోస్ ససేమిరా అంది. విండోస్‌కు ముందున్న డాస్ కాలంలో ఆ మాటను ఒక పరికరానికి కేటాయించారు, ఇప్పటికీ వదల్లేదు. ఆయన రోజంతా వైరస్ అనుకున్నాడు.

విద్యార్థులకు ఆన్‌లైన్‌లో పనులు ఇచ్చే గూగుల్ క్లాస్‌రూమ్ వాడేవారు ఇది గమనించే ఉంటారు. ప్రతి విద్యార్థికీ ఒక ప్రతి ఇవ్వమంటే, ఆ ప్రతి పేరుకు ముందు విద్యార్థి పేరు తానే చేరుస్తుంది. పేరూ ఇంటిపేరూ అయ్యేసరికి ఫోను తెర అయిపోతుంది. మీరు పెట్టిన పేరు పొడవుగా ఉంటే తోక తెగిపోతుంది. అందుకని నంబరును తోకలో పెట్టకండి, మొదట్లో పెట్టండి.

ఫోటోల గురించి మాత్రం నిదానంగా చెప్పాలి. పెద్ద పనులు, అంటే వైరింగ్ బోర్డు, గోడ కట్టుబడి, ఇంజిన్ విప్పి అమర్చడం, ఇవి అల్మరాలో దాచలేం. ఫోటో తీసి పంపమంటాం. వాట్సాప్‌లో పంపితే ఫైలు అసలు పేరు పోతుంది, తేదీ వేసి తనదైన నంబరు పెట్టుకుంటుంది. సాయంత్రానికి నా ఫోనులో ముప్పై వైరింగ్ బోర్డులు, అన్నీ కవలలు. మార్గం సినిమావాళ్ల దగ్గర ఉంది. షాటుకు ముందు క్లాప్ కొడతారు కదా, సీను ఎంత, షాటు ఎంత, టేకు ఎంత అని పలక మీద రాసి కెమెరాకు చూపించి. అలాగే ఒక కాగితం ముక్క మీద పని నంబరు, విద్యార్థి నంబరు, తేదీ రాసి బోర్డు పక్కన పెట్టి, అది కూడా పడేలా ఫోటో తీయమనండి. ఫైలు పేరు ఎన్నిసార్లు మారినా ఫోటోలోని కాగితం మారదు. దాని పక్కన ఒక స్కేలు కూడా పెట్టిస్తే బోర్డు మీది వస్తువుల మధ్య దూరం సరిగ్గా ఉందో లేదో అక్కడే తెలిసిపోతుంది.

మళ్లీ చేసిన పనులు ఉంటాయి. ఇక్కడ రెండు వేరు వేరు సంగతులను కలిపేస్తారు. నేను సూచనల కాగితం మార్చడం ఒకటి. విద్యార్థి పని రెండోసారి చేసి తేవడం ఇంకొకటి. కాగితం మారితే కాగితం మీదే సవరణ అక్షరం, ‘క’, ‘గ’ అని. విద్యార్థి రెండో ప్రయత్నానికి వస్తువు మీద ఒక చుక్క, మూడోదానికి రెండు చుక్కలు. పంచుతో టక్కున పడుతుంది. చెడిపోయిన మొదటి ముక్కను పారేయనివ్వకండి. చుక్క లేని ముక్క, ఒక చుక్క ముక్క పక్కపక్కన పెడితే విద్యార్థికి తన చెయ్యి ఎంత తిరిగిందో కనిపిస్తుంది. నేను పది నిమిషాలు చెప్పినా అంత ఎక్కదు.

‘సార్, ఇదంతా గుమాస్తా పని కాదా?’ అని మొన్న ఒకరు అడిగారు. హద్దు దాటితే అవును. నాతో పనిచేసిన ఒకాయన ప్రతి పనికీ పద్నాలుగు అక్షరాల కోడు పెట్టాడు. విభాగం, సంవత్సరం, యూనిట్, యంత్రం, కష్టం స్థాయి, అన్నీ అందులో ఉన్నాయి. దానికి తోడు రంగుల పట్టీలు. అది చదవడానికి ఏ అక్షరానికి ఏమి అర్థమో చెప్పే పట్టిక ఒకటి గోడకు వేలాడదీశాడు, ఆయనే దాన్ని చూసి చదివేవాడు. నూనెకు రంగులు మాసిపోయాయి. పైగా ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియని పిల్లలు ప్రతి రెండు మూడు తరగతుల్లో ఒకరైనా ఉంటారు, అడిగితేనే గానీ చెప్పరు. నా పరీక్ష ఒకటే. యంత్రాలు తిరుగుతుండగా ఈ మూల నుంచి ఆ మూలకు అరిస్తే వినబడాలి. ‘నలభై చే!’ వినబడుతుంది. పద్నాలుగు అక్షరాలు అరవండి చూద్దాం.

ఆ వెనక నుంచి ఎవరో చెయ్యెత్తారు. అడగండమ్మా.

పాతవి ఐదేళ్ల కాగితాలు, ముక్కలు పోగుపడి ఉన్నాయి, ఎక్కడ మొదలుపెట్టాలి అంటున్నారు. పాతవాటి జోలికి వెళ్లకండి. ఆ పోగుకు ఒక పెట్టె, పెట్టె మీద సంవత్సరం, మూత వేసేయండి. వచ్చే వారం ఇవ్వబోయే ఒక్క పనికి నంబరూ పేరూ పెట్టండి. నాలుగు కొసల మీదా అదే రాయండి. తరువాతి పనికి మళ్లీ అంతే. పెట్టెలోంచి ఏదైనా అవసరమై బయటికి తీస్తే, తీసినప్పుడే దానికి పేరు పెట్టండి. ఎవరూ అడగనివి ఆ పెట్టెలోనే ఉండిపోతాయి. వాటికి పేరు అవసరం లేదని వాటంతట అవే చెప్పినట్టు.

ఇంక నేను మాట్లాడింది చాలు. ఈ బల్ల మీద పన్నెండు పలకలు బోర్లించి పెట్టాను. ఒక్కొక్కరు ఒకటి తీసుకుని నంబరు వెతకండి. ఏ పని, ఎవరిది, ఎన్నో ప్రయత్నం, ఈ మూడూ రాసి ఇవ్వండి. రెండింటి మీద నంబరు తప్పు చోట కొట్టించాను, అవేవో పట్టుకోవాలి. మూలమట్టం ఇక్కడుంది, సర్ఫేస్ ప్లేటు ఆ పక్కన. కళ్లద్దాలు తెచ్చుకోనివారు ముందుకు రండి, మూడు మిల్లీమీటర్ల అంకెలు మరి.